చెరువు పాచి, సముద్రపు జెల్లీ చేప, మన మెదడు

ఇది కొంచెం పెద్ద పోస్టు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి కూర్చున్నవాళ్ళు సేవ్ చేసుకొని ఇంటికెళ్ళి తీరిగ్గా చదవండి.

మేము నలుగురం. ఇద్దరం జువాలజీ, ఒకరు బోటనీ, ఒకరు బయోటెక్నాలజీ. నలుగురం ఎమ్మెస్సీ చదువుతున్నాం, నలుగురం గోదావరికి అటూ ఇటూ ఉన్న కోయ గూడేల నుంచి వచ్చినవాళ్ళమే. ఈ సెమిస్టర్‌లో సెమినార్ కోసం మా చేతికి వచ్చిన టాపిక్ ఆప్టోజెనెటిక్స్. ఆప్టో అంటే వెలుగుకు సంబంధించింది, జెనెటిక్స్ అంటే జన్యుశాస్త్రం. మెదడులో కణాలు ఏం చేస్తున్నాయో వెలుగుతో చూడటం, అదే వెలుగుతో వాటిని పలికించడం, కావాలంటే నోరు మూయించడం, ఇదీ సంగతి. రెండు నెలలు చదివాం. సెమినార్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది, మార్కులూ వేసేశారు. మా మధ్య మాటలు మాత్రం అయిపోలేదు. మెస్‌లో, బస్సులో, సెలవులకు ఊరెళ్తే తునికాకు కట్టలు కడుతూ కూడా ఇదే ముచ్చట. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ముందు కష్టం ఎక్కడుందో చెప్తాం. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటాయి. ఒకదానికొకటి కరెంటుతో, రసాయనాలతో కబురు పంపుకుంటాయి. ఆ కబుర్లు వినడం ఎట్లా? మన వారపు సంతను ఊరి బయట గుట్ట మీద నిలబడి వినండి. హోరు తెలుస్తుంది. జనం ఎక్కువొచ్చారా తక్కువొచ్చారా, కొట్లాట జరుగుతోందా, ఆ వరకు తెలుస్తుంది. ఎవరు ఎవరితో ఏ బేరం ఆడుతున్నారో తెలియదు. తలకు తీగలు అంటించి తీసే ఈఈజీ అలాంటిది. సన్నటి ఎలక్ట్రోడ్ లోపలికి దించితే ఒక దుకాణం పక్కన నిలబడినట్టు. ఆ ఒక్క బేరం వినిపిస్తుంది, మిగతా సంత పోతుంది. ఇక కరెంటు పెట్టి మెదడును కదిలించాలంటే మైకులో అరిచినట్టే. ఉప్పు అమ్మేవాడు, కోళ్ళు అమ్మేవాడు, ఊరికే తిరగడానికి వచ్చినవాడు, అందరూ ఒకేసారి తల తిప్పుతారు.

డీఎన్‌ఏ ఆకారం కనిపెట్టిన ఇద్దరిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ తర్వాతి కాలంలో మెదడు మీద పని చేశాడు. ఒక రకం న్యూరాన్లను మాత్రమే ఆపి, మిగతావాటిని ముట్టుకోకుండా ఉంచే పద్ధతి కావాలని 1979లోనే రాశాడు. 1999లో ఆ పనికి వెలుగు బాగుంటుందేమో అన్నాడు, జరిగే పనిలా కనిపించదని తనే ఒప్పుకుంటూ. ఐదారేళ్ళలో అది జరిగింది. ఎక్కడి నుంచి జరిగిందన్నదే మమ్మల్ని పట్టుకున్న విషయం.

చూసే పనిముట్టు సముద్రం నుంచి వచ్చింది. ఒసాము షిమోమురా జపాన్ వాడు. 1945లో నాగసాకి మీద బాంబు పడినప్పుడు పదహారేళ్ళ పిల్లవాడు, దగ్గర్లోని ఇసహాయాలో ఉన్నాడు. ఆ మెరుపుకు కాసేపు కళ్ళు కనపడలేదట. ఆ మనిషే 1961 వేసవిలో అమెరికా పడమటి తీరంలో ఫ్రైడే హార్బర్ అనే చోట జెల్లీ చేపలు పట్టడం మొదలుపెట్టాడు. అవి ఎందుకు వెలుగుతాయన్నది ఆయన ప్రశ్న. మందు కోసం కాదు, వ్యాపారం కోసం కాదు. రోజంతా తంటాలు పడి తీసిన రసం పనికిరాదని సింకులో పారబోస్తే, సింకు నీలంగా వెలిగిపోయింది. ఆ సింకులోకి సముద్రపు నీళ్ళు కూడా వస్తుండేవి. సముద్రపు నీళ్ళలో కాల్షియం ఉంటుంది. కాల్షియం తగిలితే వెలిగే ప్రోటీన్ అది. దాంతో పాటే ఆకుపచ్చగా మెరిసే ఇంకో ప్రోటీన్ కూడా దొరికింది, దాన్నే జీఎఫ్‌పీ అంటారు. తర్వాత ఏళ్ళ తరబడి వేసవి వచ్చిందంటే చాలు, పెళ్ళాం పిల్లలతో సహా వలలు పట్టుకొని వెళ్ళేవాడు. మొత్తం ఎనిమిదిన్నర లక్షల జెల్లీ చేపలు పట్టారని లెక్క. చీకటితో లేచి కుటుంబమంతా ఇప్పపువ్వు ఏరడానికి పోయే మనకు ఈ పని ఎలా ఉంటుందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ వెలుగుకు మెదడుతో లింకు ఏంటంటే, న్యూరాన్ పలికినప్పుడల్లా దాని లోపలికి కాల్షియం దూసుకొస్తుంది. కాల్షియం వచ్చినప్పుడు మెరిసే ప్రోటీన్‌ని న్యూరాన్ తనంతట తానే తయారు చేసుకునేలా చేస్తే, ఏ న్యూరాన్ పలికిందో మైక్రోస్కోప్‌లో మిణుగురులా కనిపిస్తుంది. 2001లో జపాన్‌లో జునిచి నకాయ్ బృందం జీఎఫ్‌పీని మధ్యలో కోసి, అటూ ఇటూ కాల్షియాన్ని పట్టుకునే ముక్కలు అతికించి, జీక్యాంప్ అనే ప్రోటీన్ చేసింది. తర్వాత దాన్ని ఎందరో దిద్దుతూ వచ్చారు. 2013లో వచ్చిన ఆరో రకంతో ఒక్కో పలుకూ విడిగా కనపడే స్థాయికి వచ్చింది. అదే ఏడాది అమెరికాలో జనేలియా అనే పరిశోధన కేంద్రం వాళ్ళు జీబ్రా చేపపిల్ల మెదడు మొత్తాన్ని, అంటే దాదాపు లక్ష న్యూరాన్లలో ఎనభై శాతానికి పైగా, ఒక్కో కణం విడిగా తెలిసేలా వీడియో తీశారు. చేప బతికే ఉంటుంది, పిల్లగా ఉన్నప్పుడు ఒళ్ళు అద్దంలా ఉంటుంది కాబట్టి కోయక్కర్లేదు. ఆ వీడియో చూసినప్పుడు మాలో ఒకరు అన్న మాట: అమావాస్య రాత్రి వాగు ఒడ్డున చెట్టు నిండా మిణుగురులు. ఇంకో మాట, ఈ జీబ్రా చేప అమెరికాది కాదు. మన దేశపు వాగుల్లో, వరి పొలాల నీళ్ళలో తిరిగే చారల చేప. గంగ పారే ప్రాంతపు చేపల గురించి 1822లో అచ్చయిన పుస్తకంలో దీని గురించి మొదట రాశారు. ఇప్పుడు ప్రపంచంలో ఏ పెద్ద ల్యాబ్‌కి వెళ్ళినా తొట్లలో ఇదే. బెంగళూరులో ఎన్‌సీబీఎస్‌లో వత్సల తిరుమలై గారి ల్యాబ్ కూడా ఈ చేపపిల్లల చిన్నమెదడు మీదే పని చేస్తుంది.

ఇక్కడ ఒక మనిషి గురించి ఆగి చెప్పాలి. డగ్లస్ ప్రాషర్. ఆ జెల్లీ చేపలో జీఎఫ్‌పీని తయారు చేయించే జన్యువును వెతికి పట్టుకొని, 1992లో దాని వరుసను అచ్చు వేసింది ఈయన. తర్వాత పరిశోధనకు డబ్బు అడిగితే రాలేదు. సరే, నేను చేయలేకపోయినా ఎవరైనా చేస్తారని, అడిగిన ఇద్దరికి, మార్టిన్ చాల్ఫీకి, రోజర్ సియెన్‌కి, ఆ జన్యువును పంపేశాడు. వాళ్ళిద్దరికీ షిమోమురాతో కలిపి 2008లో నోబెల్ వచ్చింది. ఆ రోజుకి ప్రాషర్ అలబామా రాష్ట్రంలో ఒక కార్ల షోరూంలో కస్టమర్లను ఇళ్ళ దగ్గర దింపే వ్యాన్ నడుపుతున్నాడు. గెలిచినవాళ్ళు మంచోళ్ళే, ఆయన పేరు చెప్పి, తమ ఖర్చుతో ఆయన్నూ ఆయన భార్యనూ స్టాక్‌హోమ్ తీసుకెళ్ళారు. తర్వాత సియెన్ తన ల్యాబ్‌లో పని కూడా ఇచ్చాడు. ఇది చదివిన రోజు మాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. నోబెల్‌కి ముగ్గురి కంటే ఎక్కువమందికి చోటు లేదంటారు, అది నిజమే. కానీ ఆయన వ్యాన్ నడపడానికి కారణం నోబెల్ రూలు కాదు కదా, ఆ గ్రాంటు రాకపోవడం. చదువు ఆపేసి ఆటో నడుపుతున్న మనోళ్ళలో తెలివి తక్కువై ఆపినవాడు ఎవడో చెప్పండి. స్కాలర్‌షిప్ సమయానికి పడక ఆపినవాళ్ళే మాకు ఎక్కువమంది తెలుసు.

ఇక పలికించే పనిముట్టు. ఇది మాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే ఇది పాచి కథ. క్లామిడోమొనాస్ గుర్తుందా? డిగ్రీ బోటనీలో బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు వచ్చేది. గుండ్రటి ఆకుపచ్చ కణం, ముందు రెండు తోకలు, పక్కన ఎర్రటి కంటి చుక్క. మేమందరం ఆ కంటి చుక్కని ఎర్ర పెన్నుతో పెట్టి ముందుకెళ్ళిపోయినవాళ్ళమే. ఆ చుక్క ఏం చేస్తుందని జర్మనీలో పీటర్ హెగెమాన్ అనే ఆయన ఏళ్ళకేళ్ళు పట్టుకు కూర్చున్నాడు. ఆ పాచి కణం వెలుగు ఎటు ఉందో చూసి అటు ఈదుతుంది. ఎలా చూస్తుంది? కంటి చుక్క దగ్గర పొరలో ఒక ప్రోటీన్ ఉంది. నీలం వెలుగు పడగానే తలుపులా తెరుచుకుంటుంది, విద్యుదావేశం ఉన్న అయాన్లు లోపలికి పోతాయి. హెగెమాన్, గియోర్గ్ నాగెల్, ఎర్న్‌స్ట్ బాంబర్గ్ కలిసి 2002లో ఒకటి, 2003లో రెండోది బయటపెట్టారు. పేరు చానెల్‌రోడాప్సిన్.

న్యూరాన్ పలకడం అంటే కూడా తలుపు తెరుచుకొని అయాన్లు లోపలికి పోవడమే. అయితే పాచిలోని తలుపును తెచ్చి న్యూరాన్‌కి పెడితే? అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్ బోయ్‌డెన్, కార్ల్ డైసెరోత్ ఆ పని చేశారు. 2004 ఆగస్టులో ఒక అర్ధరాత్రి బోయ్‌డెన్ గిన్నెలో పెంచిన న్యూరాన్ మీద నీలం వెలుగు వేస్తే అది పలికింది. 2005లో అచ్చయింది. సెకనులో వెయ్యో వంతు లెక్కన ఎప్పుడు కావాలంటే అప్పుడు పలికించవచ్చని చూపించారు. అంతకు ముందే, 2002లో, గెరో మీసెన్‌బాక్ ఈగ కంటి జన్యువులతో న్యూరాన్లను వెలుగుతో కదిలించాడు. డెట్రాయిట్‌లో జువో హువా పాన్ 2004లోనే పాచి ప్రోటీన్‌ని కంటి కణాల్లో పెట్టి చూశాడు కానీ, పత్రికలు ఆయన వ్యాసాన్ని తిప్పి పంపాయి. 2006లో గానీ బయటికి రాలేదు. పేర్ల గోల ఎప్పుడూ ఉండేదే, కానీ ఆ పేర్లు కూడా మీకు తెలియాలని రాశాం. ఆపే పనిముట్టు కూడా వచ్చింది, 2007లో. అది ఈజిప్టులోని సోడా సరస్సుల్లో బతికే సూక్ష్మజీవి ప్రోటీన్. పసుపు వెలుగు వేస్తే న్యూరాన్ మూగబోతుంది.

మరి క్రిక్ అడిగినట్టు ఒక్క రకం న్యూరాన్లనే ఎంచుకోవడం ఎలా? జన్యువును మోసుకెళ్ళే పని వైరస్‌కి ఇస్తారు, జబ్బు చేసే గుణం తీసేసిన వైరస్. అది అన్ని రకాల కణాల్లోకీ పోవచ్చు. కానీ జన్యువు ముందు ప్రమోటర్ అనే ముక్క పెడతారు. మన దగ్గర ఐదో గట్టు వాళ్ళ వేల్పు పనికి కబురు ఊరంతా వినిపించినా, కదిలేది ఐదో గట్టు వాళ్ళే కదా. మూడో గట్టు వాళ్ళు విని ఊరుకుంటారు. ప్రమోటర్ కూడా అంతే. కబురు అందరికీ చేరుతుంది, ఆ గట్టు కణాలే దాన్ని చదివి ప్రోటీన్ చేస్తాయి. తర్వాత వెంట్రుక లాంటి సన్నటి గాజు తీగ గుండా వెలుగు పంపితే, సంతలో ఉప్పు అమ్మేవాళ్ళు మాత్రమే తల తిప్పుతారు. సెమినార్‌లో ఈ గట్టు పోలిక చెప్పలేదు, టైం లేదు. చెప్పి ఉంటే బాగుండేదని మా బయోటెక్ అమ్మాయి ఇప్పటికీ అంటుంది.

సరదాకి ఒక పని చేశాం. హాస్టల్ వెనక తొట్టిలో పాచి నీళ్ళు సీసాలో పట్టి ల్యాబ్‌కి తీసుకెళ్ళాం. మైక్రోస్కోప్ కింద ఆకుపచ్చ చుక్కలు గిరగిరా తిరుగుతున్నాయి. క్లామిడోమొనాసే అని ప్రమాణం చేయలేం, ఆ కుటుంబం లాగే ఉందని మేడమ్ అన్నారు. సీసాకి నల్ల కాగితం చుట్టి, ఒక పక్క రూపాయి బిళ్ళంత కన్నం పెట్టి కిటికీ దగ్గర ఉంచాం. మర్నాడు కాగితం విప్పితే కన్నం పెట్టిన చోట ఆకుపచ్చ మచ్చ. మిగతా నీళ్ళు తేటగా ఉన్నాయి. దీనికి గ్రాంటు అక్కర్లేదు, మీ ఊళ్ళో కుంట నీళ్ళతో చేసి ఫోటో పెట్టండి.

పోయిన నెల ఈ గ్రూపులో బైపీసీ చదివే చెల్లి ఒకామె అడిగింది, నీట్‌లో సీటు రాకపోతే బీఎస్సీ చేసి ఏం లాభం అని. దాదాపు అందరూ బీఈడీ చేసి డీఎస్సీ రాయమన్నారు, ఒకరిద్దరు సచివాలయం ఉద్యోగం అన్నారు. తప్పేం లేదు. మాలో ఇద్దరి ఫీజులు కట్టింది టీచర్ ఉద్యోగం చేసే అన్నలే. కానీ పరిశోధన అనే మాట ఒక్కరి నోటా రాలేదు. చెల్లీ, తిరుపతిలో ఐసర్ ఉంది. ఇంటర్ తర్వాత దానికి వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు ఉంటాయి. పీహెచ్‌డీ దాకా వెళ్తే ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది. ఇవి తేలిక అని చెప్పం. ఇంగ్లీషు కష్టం, ఇంటి నుంచి దూరం, ఫెలోషిప్ డబ్బు ఆలస్యమైతే ప్రాషర్ కథే. అన్నీ తెలిసి ఎంచుకో. పాచి గురించి అడగడం పని లేనివాళ్ళ పని అని మాత్రం ఎవరన్నా నమ్మకు.

ఇప్పుడు ఫిట్స్ సంగతి. మాలో ఒకరి తమ్ముడికి ఏడేళ్ళ నుంచి మూర్ఛ ఉంది. మొదట వడ్డె దగ్గరికి తీసుకెళ్ళారు, కోడిని కోశారు, రెండేళ్ళు పోయాయి. వడ్డెను తిట్టడానికి చెప్పట్లేదు, దగ్గరలో వేరే దిక్కు లేదు. ఇప్పుడు టాబ్లెట్లు వాడుతున్నాడు, పదో తరగతి రాశాడు. మూర్ఛ అంటే దయ్యం కాదు, ఒక చోట న్యూరాన్లన్నీ ఒకేసారి, అదుపు లేకుండా పలకడం. 2013లో ఎలుకల్లో, ఫిట్ మొదలవగానే కంప్యూటర్ గుర్తుపట్టి, ఎంచుకున్న న్యూరాన్ల మీద వెలుగు వేస్తే ఫిట్ ఆగిపోయిందని అమెరికాలో చూపించారు. ఇది చదివి ఆ తమ్ముడి అన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అయితే స్పష్టంగా చెప్తున్నాం, మనుషుల మూర్ఛకు ఇది ఇంకా వైద్యం కాదు. ఎవరైనా లైటు వైద్యం అని డబ్బులడిగితే నమ్మకండి. సరిగ్గా మందులు వాడితే మూర్ఛ ఉన్నవాళ్ళలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టొద్దు, నోట్లో ఏమీ కుక్కొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. డాక్టర్ చెప్పకుండా మాత్రలు ఆపొద్దు.

మనుషుల్లో ఇప్పటికి ముందుకు వచ్చింది కంటి విషయంలో. 2021లో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ వాళ్ళు రాసిన దాంట్లో, నలభై ఏళ్ళ కింద రెటీనా జబ్బు బయటపడి చూపు పోగొట్టుకున్న 58 ఏళ్ళ మనిషి ఒక కంటిలోకి వైరస్‌తో ఇలాంటి పాచి జన్యువునే పంపారు. ప్రత్యేకమైన కళ్ళజోడు పెట్టి నెలల తరబడి సాధన చేయించారు. బల్ల మీద నోట్‌బుక్ ఎక్కడుందో చేత్తో ముట్టుకున్నాడు, గ్లాసులు లెక్కపెట్టాడు. కళ్ళజోడు తీస్తే మళ్ళీ చీకటే. అయినా అది చిన్న విషయం కాదు.

భయపెట్టేది కూడా ఒకటుంది. 2013లోనే సుసుము టోనెగావా ల్యాబ్‌లో ఎలుకకు జరగని జ్ఞాపకాన్ని పెట్టారు. ఒక పెట్టెలో ఉన్నప్పటి జ్ఞాపకం దాచుకున్న న్యూరాన్లను, వేరే పెట్టెలో షాక్ ఇస్తూ వెలుగుతో లేపారు. తర్వాత ఆ ఎలుక, ఏమీ జరగని మొదటి పెట్టెలో పెట్టినా భయంతో బిగుసుకుపోయింది. మనిషి దగ్గరికి ఇది ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో. వైరస్‌తో లోపలికి పంపిన జన్యువును మాత్ర ఆపినట్టు ఆపలేం, అది నిజం. కాబట్టి ఎవరిని అడిగి చేస్తారు, ఏ భాషలో అడుగుతారు అన్నది మాకు ల్యాబ్ ప్రశ్న అంత పెద్ద ప్రశ్న.

ఎందుకంటే, మేము ఇంటర్లో ఉండగా హాస్టల్‌కి ఒక బృందం వచ్చింది. వరుసలో నిలబెట్టి రక్తం తీసుకున్నారు. ఏ పరీక్షో చెప్పలేదు, కాగితం ఇంగ్లీషులో ఉంది, వార్డెన్ సార్ సంతకం పెట్టమంటే పెట్టాం. రిపోర్టు ఈ రోజుకీ రాలేదు. రక్త పరీక్షలు వద్దని కాదు. 2023 జూలైలో మొదలైన సికిల్ సెల్ మిషన్‌లో 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని పెట్టుకున్నారు, అది మనకు చాలా అవసరం, అందరూ చేయించుకోండి, కార్డు అడిగి తీసుకోండి. మేము అడిగేది, ఈ రక్తం దేనికి, ఎక్కడ దాస్తారు, ఇంకో పరిశోధనకు వాడతారా, ఫలితం మాకు ఎప్పుడు చెప్తారు, వద్దంటే ఏమవుతుంది. ఈ ఐదు ప్రశ్నలు ఒక పేజీలో కోయ భాషలో, తెలుగు లిపిలో రాస్తున్నాం. హాస్టళ్ళలో అంటించడానికి.

నాలుగు వాక్యాలు రాశాక జన్యువు అనే మాట దగ్గర ఆగిపోయాం. కోయలో దానికి మాట దొరకట్లేదు. నెత్తురు అంటే సరిపోదు, వంశం అంటే గట్టు అనుకుంటారు, విత్తనం అంటే మా అవ్వ పొలం సంగతి అనుకుంది. చింతూరు, ఏటూరునాగారం, దంతెవాడ వైపు వాళ్ళు మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళను అడిగి, మీ దగ్గర వాడదగ్గ మాట ఏముందో కింద రాయండి. ఆదివారం లోపు రాస్తే సోమవారం ప్రింటుకి ఇస్తాం.